శీతాకాలం దుప్పట్లు

"ఇవి నా గడప దాటవు. అంతే!" అంది కాబోయే అత్తగారు కజూయో, నడుం మీద చేతులు పెట్టుకుని.

పెళ్లి రెండు వారాల్లో ఉందనగా మినోరి సామాను కనజావాలోని అత్తగారింటికి చేరుతోంది. చెప్పులు విడిచే చోటికి వచ్చేసరికి, 'శీతాకాలం దుప్పట్లు' అని రాసున్న అట్టపెట్టె అడుగు ఊడింది. ఒక్క దుప్పటీ పడలేదు. పడ్డవన్నీ పల్చటి బొమ్మల కథల పుస్తకాలే, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ తొడుగులో. ప్రతి అట్ట మీదా ఒకే ఇద్దరు మగవాళ్లు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని.

"కొట్లో దొరికేవి కావు అత్తయ్యా. అభిమానులు సొంతంగా గీసి, ఏ వందో రెండొందలో అచ్చేసుకునేవి. పదకొండేళ్లుగా ఏరుకున్నాను" అంది మినోరి.

"ఏవిటో నాకూ తెలుసు." కజూయో ఒకదాన్ని అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తి చూసింది. "గెన్‌పాచి. పక్కన ఆ గంట కొట్టే షిరో."

ఆవిడకి ఆ పేర్లు తెలియడంలో వింతేం లేదు. పూర్వకాలపు మంటలార్పే దళం మీద వచ్చే బొమ్మల కథ అది, గెన్‌పాచి దాని నాయకుడు, దేశంలో అతన్ని ఎరగని ఇల్లు లేదు. అరవై భాగాలైనా అసలు రచయిత అతనికి ఒక తోడు చూపించిన పాపాన పోలేదు. ఆ లోటు అభిమానులే తీరుస్తున్నారు. సగం మంది అతన్ని గంట కొట్టే షిరోకి జత చేస్తారు, మిగతా సగం కట్లు కట్టే వైద్యుడు సోకెన్‌కి. ఈ రెండు వర్గాలూ ఉప్పూ నిప్పూ.

"అమ్మా, పోనీ నా గదిలో ఓ మూల..." అన్నాడు తొమొహిసా, కాబోయే పెళ్లికొడుకు.

"నీ గదిలో కాదు కదా, నీ కారు డిక్కీలో కూడా వీల్లేదు!"

పాపం, అతను ఇటు తిరిగి గొంతు తగ్గించాడు. "పోనీ మినోరీ, ఇవి ఎవరికైనా ఇచ్చెయ్. కావాలంటే ఆ వైద్యుడి పుస్తకాలు కొనుక్కో. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయటగా."

"వైద్యుడివా? ఛీ, పొయ్యిలోకి కూడా పనికిరావు!"

కజూయో మొహం జేవురించింది. "ఏమన్నావ్?"

"అన్నదే అన్నాను."

"అయితే నేనూ చెబుతున్నా, విను. ఈ ఇంట్లో ఉంటే నువ్వుండాలి, లేదా అవి ఉండాలి. రెండూ కుదరవు."

మినోరి వంగి పుస్తకాలు ఏరడం మొదలుపెట్టింది. 

"సరే, ఇవి లేని చోట నేనూ ఉండను. ఏటా ఆగస్టు ఎండలో, టోక్యోలో అభిమానుల సంత ముందు, వడదెబ్బ తగలకుండా ఉప్పు బిళ్లలు చప్పరిస్తూ వరసలో నిలబడి కొన్నవి ఇవి. ఈ పుస్తకం గీసినావిడ దీంతోనే గీయడం మానేసింది, దీనికోసం ఆరేళ్లు తిరిగాను. ఆఫీసులో నవ్వారు. మా అమ్మ ఏడ్చింది. అప్పుడే పారెయ్యనిదాన్ని, మొగుడొస్తున్నాడని పారేస్తానా?"

"మినోరీ!" అన్నాడు తొమొహిసా.

"నువ్వాగు. నేను సిగ్గుపడే పనేం చెయ్యలేదు. తప్పల్లా దొంగపేరు పెట్టి దాచడమే. ఇంక దాచను."

సంచిలోంచి నల్లటి లావుపాటి పెన్ను తీసింది. పెట్టె మీద 'శీతాకాలం దుప్పట్లు' అడ్డంగా కొట్టేసి, వీధిలో వాళ్లకి కూడా కనబడేంత పెద్దగా రాసింది: 'గెన్‌పాచి – షిరో'.

కజూయో ఆ అక్షరాల వంక గుడ్లప్పగించి చూసింది. గిర్రున తిరిగి లోపలికెళ్లిపోయింది. గోడ బీరువా తలుపు దడాలున తెరుచుకున్న చప్పుడైంది.

"చూశావా, నీ సంచీలు కూడా బయట పడేస్తుంది" అన్నాడు తొమొహిసా, ఏడుపు మొహంతో.

"పడెయ్యనీ!"

కజూయో రొప్పుతూ తిరిగొచ్చింది. ఆవిడ ఈడ్చుకొచ్చింది మినోరి సంచీలు కాదు, మూలలు నలిగిన పాత అట్టపెట్టె. దాని మీద వెలిసిపోయిన సిరాతో 'శీతాకాలం దుప్పట్లు' అని ఉంది.

"ఆ పెన్ను ఇలా తే" అంది కోడలితో.

పాత అక్షరాలు కసిగా కొట్టేసి, కోడలు రాసినదానికి రెట్టింపు సైజులో రాసింది: 'గెన్‌పాచి – వైద్యుడు సోకెన్'.