నోరున్న బట్ట

బడుల్లో పిల్లలకీ, ఆయాలకీ ఒకే రకం బట్ట వచ్చి చాలా ఏళ్లయింది. ఎవరైనా గట్టిగా పట్టుకుంటే ఆ చోట నీలంగా కములుతుంది. సబ్బు పడితేగాని పోదు. అందుకే హైమవతి, మాటలు రాని తన కూతురు జాహ్నవి చొక్కాను ఉతికేముందు రోజూ వెలుగులో తిప్పి చూసుకునేది. హైమవతి చిన్నతనంలో, మాటలు రాని ఆమె తమ్ముణ్ణి బడివాళ్లు కుర్చీకి కట్టేసి, గదికి గొళ్లెం పెట్టిన రోజుల్లో బట్టకూ నోరు లేదు, వాడికీ లేదు.

ఆ సాయంత్రం చొక్కా వీపున రెండు అరచేతుల గుర్తులు కనిపించాయి. హైమవతి పాపను పక్కింట్లో వదిలి, చొక్కా పట్టుకుని బడికి పరుగెత్తింది. వరండా ఊడుస్తున్న ఆయా అప్పలనర్సమ్మను నిలదీసింది.

"నా కూతుర్ని ఎందుకలా అదిమిపట్టేసేరు?"

ఆయా కోపం తెచ్చుకోలేదు.

"ఉరుములకి జడుసుకుని తల బాదుకుందమ్మా. ఇదివరకైతే గదిలో పెట్టి తలుపేసీవోరు. నేను కింద కూకుని చేతులు చాపేను, అంతే. పాపే వచ్చి వాటేసుకుంది. అప్పుడే నేనూ పట్టుకున్నాను" అంటూ వెనక్కి తిరిగింది.

ఆమె కోటు వీపు నిండా చిట్టి వేళ్ల గుర్తులు, చొక్కా మీదవాటికన్నా ముదురు నీలంగా ఉన్నాయి.

హైమవతి చెయ్యి చాపింది. "ఆ కోటు ఇలా ఇయ్యమ్మా. నేను ఉతికి తెస్తాను" అంది.

ఇంటికొచ్చి బక్కెట్టు నిండా నీళ్లు పట్టింది. కోటునీ, చొక్కానీ ముంచడానికి మాత్రం చెయ్యి రాలేదు.