మూడో గుండీ

పన్నెండింటికి ఇంకా పాతిక నిమిషాలే ఉన్నాయి. ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇరవై ఏళ్లుగా పాత సైనిక యూనిఫారాలు పోగేస్తున్నాడు. ఇంట్లో భార్య చీరలకి బీరువాలో ఒక్క అర మిగిలింది. అదీ ఎన్నాళ్లో చెప్పలేం.

ఇవాళ చేతిలో ఉన్నది మామూలు కోటు కాదు. యుద్ధంలో కూలిన విమానాన్ని చెరువులోంచి తీసి, బాగుచేసి, ఈ షెడ్డులో నిలబెట్టారు. దాని పైలట్ కోటు ఇది. దీన్ని కొక్కేనికి తగిలించి ఎగరడానికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

కోటులో అన్నీ అసలువైతే విమానంలోనే, పైలట్ సీటు మీద శాశ్వతంగా ఉంచుతారు. తేడా ఉంటే ఇంటికే. పన్నెండింటికి పరీక్ష.

తేడా ఉంది.

అయిదు గుండీల్లో నాలుగు ఇత్తడివి. నడిమిది మాత్రం తెల్లగా, చిన్న పువ్వులా ఉంది.

"రెక్కల బొమ్మ ఉన్న ఇత్తడి గుండీ ఉందా?" షెడ్డు బయట పాతసామాన్ల బల్ల దగ్గర అరిచాడు.

"లేదు బాబూ. పొద్దుట్నుంచీ నాలుగోసారి అడగడం!" అన్నాడు బల్లాయన.

"ఏదీ, ఇలా చూపించు నాయనా."

పక్కన కుర్చీలో ఓ ముసలావిడ. కోటు ఒళ్లోకి తీసుకుంది. తెల్ల గుండీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"త్వరగా మామ్మా! నా ప్రాణం మీదికొచ్చింది."

ఆవిడ చేతిసంచిలోంచి రేకుడబ్బా తీసింది. అందులో గుడ్డపీలికలో చుట్టిన ఇత్తడి గుండీ. అచ్చం అవే రెక్కలు.

"ఇదెక్కడిది మీకు?"

"మంచం కింద దొరికింది. ఒక్కరోజు ఆలస్యంగా."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. "కుట్టడం వచ్చా?"

"ఇప్పుడు వచ్చు" అంటూ సూదిలోకి దారం ఎక్కించసాగింది.

ఆయన ఆగలేక డబ్బాలోని కత్తెర అందుకున్నాడు. తెల్ల గుండీ ఓ పట్టాన తెగలేదు.

"ఏ తలతిక్క దర్జీ కుట్టాడో!"

"దర్జీ అయితే దారం ఇన్ని చుట్లు చుట్టడు. ఊడిపోతుందేమోనని భయపడి కుట్టారెవరో."

గుండీ తెగింది. గడ్డిలోకి విసిరేశాడు.

"అయ్యో! అది నాకిస్తావనుకున్నా."

"చెత్త మామ్మా అది. మీరు కుట్టండి ముందు!"

కుట్టింది. దారం పళ్లతో కొరికి, కోటుని ముఖానికి ఆనించుకుంది. చూపు ఆనక దగ్గరగా చూస్తోందనుకున్నాడు. లాక్కుని పరిగెత్తాడు.

తిరిగి చూస్తే ఆవిడ గడ్డిలో మోకాళ్ల మీద ఉంది.

పరీక్షకులు ఒక్కో గుండీ తిప్పి చూశారు. "అన్నీ అసలువే" అన్నారు.

ఆ సంబరంలో ఆవిడకో మాట చెబుదామని వస్తే కుర్చీ ఖాళీ.

"వెళ్లిపోయింది" అన్నాడు బల్లాయన. "ఎంత వెతికినా దొరకలేదు. గడ్డి కోసే బండి వస్తోంటే నేనే లేపాను."

'ఒక్క గుండీకి ఇంత యాతనా!' అనుకున్నాడు, తన సంగతి మరిచిపోయి.

నిచ్చెనెక్కి కోటుని పైలట్ సీటుకి తొడిగాడు. ఎదురుగా, మీటర్ల పక్కన ఓ పాత ఫొటో.

"ఇదెప్పుడు పెట్టారు?"

"ఇవాళ పొద్దున్నే సార్" కిందనుంచి మెకానిక్ చెప్పాడు. "ఓ ముసలావిడ తెచ్చిచ్చింది. ఆయన ఆఖరిసారి ఎగిరేముందు అన్నాచెల్లెళ్లు దిగిందట."

ఫొటోలో పైలట్ ఇదే కోటు తొడుక్కుని నవ్వుతున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్ల గౌనుకి వరసగా తెల్ల పువ్వు గుండీలు, నడుమ ఒకటి లేదు.