సొరుగులో పరిచిన కాగితం

"డాక్టరు మాట విన్నావా? కడుపుతో ఉన్నప్పుడే సూది వేయించుకుంటే పసివాడికి కోరింత దగ్గు ఇంత ముదిరేది కాదట. ఏం చదువు చదివావో!" అత్తగారు టీకాల గదిలోనే కోడలిని కడిగేస్తోంది.

కోడలు బిడ్డ వీపు నిమురుతూ తల దించుకుంది. "నాదే తప్పు సిస్టర్. గట్టిగా అడగాల్సింది."

నిజానికి ఏడో నెలలో కోడలు అడిగింది. గోడమీది టీకాల పాత పట్టిక చూసి, అక్కర్లేదని పంపేసింది నర్సే. కొత్త పట్టిక అప్పటికే వచ్చింది. చదవకుండా సొరుగులో సీసాల కింద పరిచింది.

నర్సు సీసాలు జరిపి, మరకలు పడ్డ ఆ కాగితాన్ని బల్లమీద పెట్టింది.

"పెద్దమ్మా, మీ కోడలు అడిగింది. వద్దన్నది నేను."

కోడలు తలెత్తి ఆ కాగితమంతా చదివింది.

"బయట ఇద్దరు కడుపుతో కూర్చున్నారు సిస్టర్. ముందు వాళ్లను పిలవండి."