పొగనీళ్లు

ఎండుగడ్డి పొగ పట్టించిన నీళ్లు పోస్తే మొండి విత్తనం కూడా మొలకెత్తుతుంది. ఆ నీళ్లతో ఎవరికీ హాని లేదని తేల్చడమే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. పరీక్ష నికార్సుగా ఉండాలని ప్రతిసారీ ఒక పళ్లెంలో ఉడికించిన గింజలు కూడా పెడుతుంది. చచ్చిన గింజ మొలవకూడదు.

ఆ రాత్రి ఆ పళ్లెంలోంచే చిటచిటమని చప్పుడు వినిపించింది. మూత తీసింది. గింజలన్నీ పగిలి తెల్లటి మొలకలు బయటికొస్తున్నాయి. వాటిని ఉడికించింది తనే, తన చేత్తోనే.

మిగిలిన నీళ్లు పారబొయ్యడమెందుకని పొద్దున ఒక సీసా ఇంటికి పంపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆ సీసాలో నీళ్లు వాడలేదు కదా?"

"సాయంత్రమే పోశానే, పెరట్లో మీ మామయ్య సమాధి మీద. బంతిమొక్కలు వేద్దామన్నావుగా? నీ నీళ్లు మామూలువి కావే తల్లీ! అప్పుడే మట్టి బీటలిచ్చి పైకి లేస్తోంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

అత్తయ్య మాటల వెనక ఫోన్‌లో అదే చిటచిట, కాస్త బరువుగా.

"విత్తనాలు చల్లారు కదూ అత్తయ్యా?"

"ఇంకా ఎక్కడే? రేపు తెస్తానన్నావుగా నువ్వు!"