పాటకో హెల్మెట్టు

"నా నెత్తి మీద ఇదేటి?" అంది కనకలత.

"హెల్మెట్టు," అన్నాడు పోలయ్య కుంచె తుడుచుకుంటూ.

కనకలత బొమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఆమెకి ప్రాణమైన పాట ఒకటుంది. వెన్నెల్లో ఓ పిల్ల కొండెక్కి, బావ వస్తున్నాడేమోనని దారి చూసే పాట. అంట్లు తోముతున్నా, అన్నం వారుస్తున్నా ఆమె నోట అదే. దాన్ని బొమ్మ గియ్యమంటే మొగుడు గీసింది ఇదీ: కొండ ఉంది, చంద్రుడున్నాడు, పిల్ల ముఖం అచ్చం కనకలత ముఖమే. కానీ ఆ పిల్ల నెత్తిన పసుపు రంగు హెల్మెట్టు, నడుముకి సేఫ్టీ బెల్టు, కాళ్లకి ఇనప ముక్కు బూట్లు!

"పాటలో హెల్మెట్టు ఎక్కడుందయ్యా?"

"కొండెక్కినట్టు ఉందా, నేదా? ఎత్తు మీద పనంటే హెల్మెట్టు, బెల్టు, బూట్లు ఉండాల. రూలు."

"అది పని కాదు, ప్రేమ!"

"ప్రేమయితే మరీ జాగర్త. కాలు జారేది అక్కడే."

పోలయ్య భిలాయి స్టీలు ప్లాంటులో సేఫ్టీ బోర్డులు వేసే పెయింటరు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అలాంటివాడితో వాదించడం కనకలతకి కొత్త కాదు గానీ, ఇవాళ టైము లేదు. నవంబరు ఒకటో తారీకు. ఆంధ్రకీ, మొన్న మొన్న పుట్టిన ఛత్తీస్‌గఢ్‌కీ పుట్టినరోజు ఒకటే కావడంతో సెక్టర్ 6 తెలుగువాళ్లు సాయంత్రం ఆరింటికి పండగ చేస్తున్నారు. అందులో 'మీ పాటకి బొమ్మ' పోటీ. ఇంట్లోవాళ్లు గానీ చుట్టాలు గానీ చేత్తో గియ్యాలని షరతు.

పోయినేడు ముగ్గుల పోటీలో ఫస్టు ప్రైజు పక్క క్వార్టరు ఇందుమతికి వచ్చింది. ప్రైజుగా ఇచ్చిన టీ కప్పుల్లోనే ఏడాదంతా కనకలతకి టీ ఇచ్చి కడుపు మండించింది. ఈసారి బొమ్మని విశాఖ ఆర్టు కాలేజీలో చదివే మేనల్లుడు గీసి పంపాడని, అప్పుడే వీధంతా చాటేసింది.

"ఈ ఏడు కూడా అదే గెలిస్తే, పవర్ హౌస్ స్టేషన్‌లో రైలెక్కి మా అమ్మకాడికి పోతాను. నీ రూలుకి నువ్వే వండుకో," అంది కనకలత. "మూడు సాయంత్రాలు ఓవర్‌టైమని పోయి, ఈ పొద్దు కుంచె పట్టినావు. ముందా బూట్లు తీసీ."

పోలయ్య గొణుక్కుంటూ బూట్లు చెరిపి మువ్వలు వేశాడు.

"బెల్టు తీసీ."

బెల్టుని వడ్డాణం చేశాడు. కొక్కెం మాత్రం ఉంచాడు.

"ఇప్పుడు హెల్మెట్టు."

"తియ్యను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. పోలయ్య ఎంతకీ కదల్లేదు. కనకలత టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి, తనే హెల్మెట్టుని రుద్దేసింది. దాని కింద నున్నటి గుండు బయటపడింది.

"జుట్టేదీ?"

పోలయ్య తల దించుకున్నాడు. "నాకు జుట్టు గియ్యడం రాదే. ఇరవై ఆరేళ్లలో ఒక్క తలకాయ కూడా హెల్మెట్టు నేకుండా గియ్యనేదు."

కనకలతకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గడియారం చూసింది. అయిదున్నర.

"మళ్లీ పెట్టీ. గుండు కన్నా అదే నయం. జల్దీ!"

"పసుపు రంగు అయిపోనాది."

"సోమవారమే గదా కొత్త డబ్బా తెచ్చినావు?"

"చంద్రుడికి పట్టింది."

"చంద్రుడు తెల్లగున్నాడు గదయ్యా!"

"అడుగు పూత," అన్నాడు పోలయ్య గోడవైపు తిరిగి.

తగువుకి టైము లేదు. కనకలత వంటింట్లోంచి పసుపు తెచ్చి వార్నిషులో కలిపింది. హెల్మెట్టు మళ్లీ నెత్తికెక్కింది.

హాల్లో ముప్పాతిక మంది ప్లాంటువాళ్లే. బొమ్మ చూసి ముందు పకపకా నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

"బొమ్మంటే ఇదమ్మా!" అన్నాడు పోటీ పెట్టిన లక్ష్మీప్రసాద్. "భిలాయిలో తప్ప ఇంకెక్కడా పుట్టదు. ఈ ఆలోచన ఇంకెవరికీ రాదు. ఫస్టు ప్రైజు మీదే అనుకోండి. ఇక చూడాల్సింది ఇందుమతిగారిదొక్కటే."

కనకలత గుండె పొంగిపోయింది. పట్టుచీర కట్టుకుని, గుడ్డ కప్పిన బొమ్మతో అప్పుడే లోపలికి వచ్చిన ఇందుమతి మాత్రం కనకలత బొమ్మ చూసి నిలబడిపోయింది.

"నాది వద్దులెండి. ఈ ఏడు వదిలీండి," అంటూ బొమ్మని వెనక్కి దాచింది.

"అరే, అదేటి దీదీ?" అంది కనకలత. ఏడాదంతా తాగిన టీ మొత్తం ఒక్కసారి గుర్తొచ్చింది. "మీ మేనల్లుడి పనితనం మేమూ చూడాల గదా!"

"ఒలే, వద్దు. ఇంటికి పోదాం," అన్నాడు పోలయ్య. అప్పటికే సగం గుమ్మం దాటాడు.

కనకలత వినిపించుకోలేదు. చెయ్యి చాచి గుడ్డ లాగేసింది.

పూలతోటలో ఉయ్యాల, ఉయ్యాల మీద అచ్చం ఇందుమతి ముఖంతో ఓ రాకుమారి, ఆ రాకుమారి నెత్తిన పసుపు రంగు హెల్మెట్టు.