కాగితంలో లేని చెయ్యి

నాలుగో నంబరు ప్రెస్సు రక్తం తాగితే గాని సరిగా నడవదని పటాన్‌చెరు దాటాక ఉన్న ఆ రేకుల కర్మాగారంలో అందరూ నమ్ముతారు.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. దసరా ఆయుధపూజ మరునాటి నుంచే, రేకును నొక్కి మలిచే ఆ కొత్త ప్రెస్సు ఊరకే ఆగిపోసాగింది. మొదటి వారం రోజుకు రెండుసార్లు. మూడో వారానికి గంటకు పదిసార్లు. నాలుగో వారంలో, దాన్ని నడిపే ఓదెలు కుడిచేతి నాలుగు వేళ్లు అచ్చు కింద నలిగిపోయాయి. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు.

యజమాని చంద్రకాంత్‌కు రక్తం మీద ఆసక్తి లేదు. కొనుగోలు ఒప్పందం మీద ఉంది. ఏడాదిలోగా లోపం బయటపడితే యంత్రాన్ని తయారుచేసిన సంస్థే కొత్తది ఇవ్వాలి. లోపం వల్ల జరిగిన నష్టాన్నీ భరించాలి. అతడు సంస్థకు నోటీసు పంపాడు. ఆపైన ఓదెలును పిలిచాడు.

"వచ్చే ఇంజినీరు మిషిన్‌దే తప్పని రాస్తే నీకు గేటు కాడ కుర్చీ. బతికినంత కాలం. మిషిన్‌ను ఎవ్వరు ముట్టలేదని చెప్పు, సాలు."

చిట్కుల్‌లో కిరాయి గది, ఇద్దరు పిల్లలు, ఎడమ చెయ్యి. ఓదెలుకు మిగిలినవి అవే. ఆ కుర్చీ తప్పితే అతనికి మరో పని ఇచ్చేవారు లేరు.

సంస్థ తరఫున ఇంజినీరు మహిత వచ్చింది. అక్కడే ప్యాకింగులో పనిచేసే ఓదెలు భార్య వనజ ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చి, ప్రెస్సు దగ్గరే ఉన్న ఓదెలు పక్కన నిలబడింది.

"గా కాగితంల మా ఆయన పేరు ఉన్నదా మేడం?"

"లేదక్కా. ఒప్పందం అమ్మినోళ్లకు, కొన్నోళ్లకు మధ్యన. మూడో మనిషి దాన్ని పట్టుకొని కొట్లాడలేడు. మీ హక్కు వేరే చట్టంల ఉంటది, గిండ్ల కాదు."

"అంటే చెయ్యేమో మాది, కాగితమేమో వాళ్లది," అని నవ్వాడు ఓదెలు. "ఏం గాదు. గేటు కాడ నౌకరి ఇస్తనని సార్ నోటిమాట ఇచ్చిండు."

"నోటిమాట కూడా ఒప్పందమే అన్నా. సాక్షి ఎవరు?"

"గిదే," అంటూ ఓదెలు కట్టు కట్టిన చేత్తో ప్రెస్సును చూపించాడు.

మహిత యంత్రం వెనక పలక విప్పింది. లోపల, సంస్థ వేయని ఎర్ర వైరు ముక్క ఒకటి రెండు కొసలను కలుపుతూ కనిపించింది.

"ఇదెవరు పెట్టిన్రు?"

ఆమె చంద్రకాంత్‌ను పిలిపించి, ఒప్పందం కాగితం అతని ముందు పెట్టింది.

"ఇది ఉంటే మిషిన్ ఆగాల్సిన చోట కూడా ఆగదు. కొన్నోళ్లు రక్షణ ఏర్పాటును తప్పిస్తే మా హామీ రద్దు. తొమ్మిదో షరతు. కింద సంతకం మీదే సార్."

చంద్రకాంత్ సంతకం వైపు చూడలేదు. ఓదెలు వైపు చూశాడు.

"ఏందిరా ఇది? మిషిన్ మీద ఉండేది నువ్వే గదా!"

"సార్... నాకేం ఎరుక? ఆర్డర్ అర్జెంటని మీరే గద, చెయ్యి పోయిన నాడు పొద్దుగాల ఎలక్ట్రీషియన్‌ను తోల్కొచ్చి..."

"సాక్షి ఉన్నడా?"

ఈసారి ఓదెలు నవ్వలేదు. గేటు దగ్గర కుర్చీ అక్కడికక్కడే పోయింది.

వనజ ఊరుకోలేదు.

"గా వైరు నిన్న మొన్నటిది మేడం. దానికి ముందుగాల నుంచే ఊకె ఆగుతుండె గదా! రక్తం అడిగింది, తాగింది, సల్లవడ్డది. మేం ఏం తక్కువ జేసినం దీనికి? పూజ నాడు మా ఇంటి దర్వాజకు పెట్టినట్టే, గీ నోటికి రెండు పక్కల ఉన్న పట్టీలకు పసుపు రాసి బొట్లు పెట్టిన. ప్రతి శుక్రారం మళ్ల పెట్టిన. అది సతాయించినకొద్ది ఇంకింత మందంగ పెట్టిన. మా ఆయన చెయ్యి సల్లగ సూడు తల్లీ అని మొక్కుకుంట పెట్టిన!"

మహిత చాయ్ గ్లాసు కింద పెట్టింది. గుడ్డ తీసుకుని, అచ్చుకు ఇరువైపులా నిలువుగా ఉన్న ఆ పట్టీలను తుడిచింది. గట్టిపడిన పసుపు, కుంకుమ పెచ్చులుగా రాలాయి. కింద నల్లటి అద్దం బయటపడింది.

ఆమె వనజ ముఖం చూడకుండా నివేదికలో చివరి గడి నింపింది.

ఆ ప్రెస్సు రక్తం కోసం ఏనాడూ ఆగలేదు. చెయ్యి అడ్డొస్తే చూసి ఆగిపోవడానికి ఆ అద్దాల వెనక అమర్చిన కళ్లతో, వనజ పెట్టిన ప్రతి బొట్టునూ ఓదెలు చెయ్యేననుకుని, దాన్ని కాపాడటానికే ఆగుతూ వచ్చింది.