ఐదో గ్లాసు

"నాలుగు!" అన్నాడు బావ. నోట్లో పుక్కిలించినదాన్ని పక్కనున్న తెల్ల పింగాణీ కూజాలోకి ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు. "పదికి నాలుగు మార్కులు. అవి కూడా మీ అక్క మొహం చూసి వేసినవి."

బావమరిది ఆ కూజాలోకి దిగులుగా చూశాడు. మూడేళ్ళుగా విస్కీ ఫ్యాక్టరీలో పీపాలు కడుగుతూ, తీరిక దొరికినప్పుడల్లా ఇందులోది అందులో కలిపి, అందులోది ఇందులో కలిపి ఐదు రకాలు తయారుచేశాడు. ఆదివారం పొద్దున్నే ఐదు సీసాలూ సంచిలో వేసుకుని అక్కగారింటికి వచ్చాడు. మొదటిదానికే ఇదీ వరస.

బావంటే అల్లాటప్పా బావ కాదు. ఆ ఫ్యాక్టరీలో రుచి చూసి మార్కులు వేసే పెద్దమనిషి. అక్కడ అందరూ ఆయన్ని నాలుకయ్యగారనే పిలుస్తారు. ఒకసారి చుక్క నాలుక మీద వేసుకుని, "ఈ పీపా పక్కన ఎవడో జలుబుతో తుమ్మాడు" అన్నాడట. వెతికితే ఆ తుమ్మినవాడు నిజంగానే దొరికాడట! ముప్పై ఏళ్ళలో ఒక్క చుక్క కూడా ఆయన గొంతు దిగలేదు. "మింగితే తాగుబోతు, ఉమ్మితే ఉద్యోగి" అన్నది ఆయన సూత్రం.

రేపటితో ఆయన ఉద్యోగం పూర్తవుతుంది. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో ఆయనే చెప్పాలి. పదికి ఎనిమిది వస్తే బావమరిదికి కుర్చీ, రాకపోతే మళ్ళీ పీపాలూ చీపురూ.

"బావగారూ, తక్కినవి కూడా చూసి..."

"చూస్తాను లేవోయ్. పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా ఆ వణుకేమిటి? ఏమే, రెండోది తే!"

పొయ్యడం అక్క పని. వంటింట్లో తనకు తోచిన వరసలో సీసా తీసి, రంగు తెలియకుండా నీలం గ్లాసులో పోసి తెస్తుంది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య బావ ఓ ఎండు రొట్టెముక్క నమిలి, గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించి, అదంతా కూజాలోకి వదిలేస్తాడు. అప్పుడుగాని నాలుక శుభ్రపడదు.

రెండోదానికి ఐదు. మూడోది నోట్లో పడగానే బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇది తాగడానికా, తలుపు బందులకు తుప్పు వదిలించడానికా?"

మూడు. నాలుగోదాన్ని చాలాసేపు నోట్లో తిప్పి, ఉమ్మేసి, నిట్టూర్చాడు.

"ఆరు. ఒరేయ్, నీ విస్కీలు చెడ్డవి కావురా. ఒక్కోటీ ఒక్కో మూల కూర్చుని ఏడుస్తోంది. అన్నీ ఒకచోట చేరి నవ్వాలి. అదీ విద్య."

ఇక మిగిలింది ఒక్కటి.

"ఏమే, కూజా నిండింది. పారబోసి, ఐదోది పట్టుకురా."

అక్క రెండు చేతులతో కూజా ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. మరుక్షణం ఫెళ్ళుమని చప్పుడు.

"ఏమిటే అది?"

"ఏం లేదండీ! మూత జారింది!"

తర్వాత చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"గ్లాసు తెస్తున్నావా, వండి వారుస్తున్నావా?" అని బావ కేకేశాక వచ్చింది. కడిగిన కూజా ఒక చేత్తో, గ్లాసు ఇంకో చేత్తో. గ్లాసు వణుకుతోంది. 'పాపం, నాకోసమే' అనుకున్నాడు తమ్ముడు.

బావ వాసన చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. ఒక గుక్క తీసుకుని ఎడమ బుగ్గకు పంపాడు, కుడి బుగ్గకు పంపాడు. కూజా వైపు వంగాడు. వంగినవాడు ఆగాడు.

గుటుక్కుమంది.

బావమరిది కుర్చీలోంచి లేచిపోయాడు. "బావగారూ! మింగారు!"

"మింగక ఏం చెయ్యనురా! ముందు కారం పలకరించింది, వెనకే తీపి, ఆ వెనక పొగ. చిట్టచివర కాల్చిన రొట్టె కమ్మదనం! నీళ్ళు కూడా ఎంత కొలతగా కలిపావురా! పైగా... ఎలా చెప్పను? దూరమైన సొంత మనిషి తిరిగి ఇంటికొచ్చినట్టుంది." గ్లాసు ఎత్తి చివరి బొట్టు దాకా తాగేశాడు. "పదికి పది!"

ముప్పై ఏళ్ళలో ఎవరికీ పది వెయ్యని మనిషి! తన ఐదింటిలో అంత గొప్పది ఏదో బావమరిదికి అంతుబట్టలేదు. ఈలోగా బావ యజమానికి ఫోను కలిపాడు.

"అయ్యా, దొరికాడు! మా వాడే! నేను మింగేశానంటే చూడండి!"

అవతలినుంచి యజమాని గొంతు: "మీరు... మింగారా?"

"ఒట్టు!"

"అయితే ఎల్లుండినించి కుర్చీ అతనిదే. అదే పాళ్ళలో వెయ్యి సీసాలు చెయ్యమనండి. మొదటి సీసా నా ఇంటికి."

ఫోను పెట్టేసి, బావ బావమరిదిని కావలించుకున్నాడు. "ఏమే, ఆ ఐదో సీసా ఇలా తే. ఇంకో గ్లాసు పడాల్సిందే!"

అక్క తలుపు పట్టుకుని నిలబడింది. కదల్లేదు.

"ఆ సీసా లేదండీ. కూజా కింద పెట్టబోతే మోచెయ్యి తగిలి పగిలిపోయింది."

"అయ్యో! నా గ్లాసులో పోశాకే కదా?"

"పొయ్యకముందే."

బావ ఖాళీ గ్లాసులోకి చూశాడు. బావమరిది బావని చూశాడు.

"మరి నేను తాగింది?"

"ఐదోది లేదంటే ఆ నాలుగింటితోనే మా వాడికి మంగళం పాడేస్తారని భయమేసిందండీ," అంది అక్క తల వంచుకుని.

"ఎలాగూ మళ్ళీ ఆ కూజాలోనే ఉమ్మేస్తారు కదా అనుకున్నాను."